మనవలు ఉండటానికి వచ్చినప్పుడు

తెలుగు కుటుంబాల్లో వేసవి సెలవులకు పిల్లలు అమ్మమ్మగారింటికో నాయనమ్మగారింటికో వెళ్లి నెల రోజులు గడిపి రావడం తరతరాల ఆనవాయితీ. చదువుకోవడానికీ పెరగడానికీ అక్కడే ఉండిపోవలసి రావడం మాత్రం దానికి పూర్తిగా భిన్నమైన విషయం. సెలవులకు వచ్చిన పిల్లల చదువు, జబ్బు, క్రమశిక్షణ వంటి బరువులు తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోతాయి కనుక పెద్దవాళ్లకు గారాబం చేయడం ఒక్కటే మిగులుతుంది. అసలు కంటే వడ్డీ ముద్దు అన్న సామెతకు ఆధారం ఆ వెసులుబాటే. ఉండటానికి వచ్చిన పిల్లల వెంట ఆ బరువులన్నీ ఇంట్లోకి వస్తాయి. పిల్లల పెంపకం ఎప్పుడో ముగిసిందనుకుని తమ దినచర్యను నెమ్మదిగా కుదించుకున్న అరవై ఏళ్ల దంపతులు బడి బస్సు వేళకూ, అర్ధరాత్రి జ్వరానికీ, హోంవర్కుకూ తగినట్టుగా జీవితాన్ని మళ్లీ అమర్చుకోవలసి వస్తుంది.

ఇంత పెద్ద మార్పును మన సమాజం ప్రేమ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటుంది. ప్రేమ ఉన్నదనడంలో సందేహం లేదు గాని, రెండేళ్ల పసివాణ్ణి ఎత్తుకోవడానికి మోకాళ్లు సహకరించాలి, మందలించడానికి అధికారం ఉండాలి, బడిలో చేర్చడానికి కాగితాలు ఉండాలి, పాలకూ పుస్తకాలకూ డబ్బు ఉండాలి. ఈ నాలుగూ ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడి అమర్చితే తప్ప వాటంతట అవి అమరవు. ఆ అమరిక ఎంత ముందుగా, ఎంత స్పష్టంగా జరిగితే పెద్దలకూ పిల్లలకూ అంత మేలు.

పిల్లలు వచ్చే దారులు

తెలుగు రాష్ట్రాల్లో మనవలు అవ్వాతాతల ఇళ్లకు చేరే దారుల్లో పాతది కూలి వలస. పాలమూరు కూలీలుగా దేశమంతటా పేరుపడిన పాత మహబూబ్‌నగర్ జిల్లా శ్రామికులు గుంపు మేస్త్రీ దగ్గర, అంటే కూలీలను జట్టుగా కూర్చి పనిస్థలానికి తీసుకుపోయే నాయకుడి దగ్గర, అడ్వాన్సు తీసుకుని ఆనకట్టల పనులకూ భవన నిర్మాణాలకూ నెలల తరబడి తరలిపోయేటప్పుడు బడి ఈడు పిల్లల్ని ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదలడం పరిపాటి. అనంతపురం, శ్రీకాకుళం, కర్నూలు జిల్లాల కరువు మండలాల్లోనూ ఇదే తీరు కనబడుతుంది.

రెండో దారి గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయికీ మస్కట్‌కూ వెళ్లేవారిలో మగవాళ్లు ఎక్కువ కనుక అక్కడ పిల్లల దగ్గర సాధారణంగా తల్లి ఉంటుంది. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచీ, గోదావరి, కోనసీమ జిల్లాల నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లేది స్త్రీలే కనుక అక్కడ తల్లి స్థానంలోకి అమ్మమ్మ రావలసి వస్తుంది. ఇటువంటి పనులకు గల్ఫ్ దేశాలకు వెళ్లే స్త్రీలకు భారత ప్రభుత్వం కనీస వయసును 30 ఏళ్లుగా నిర్ణయించింది. ఆ నిబంధన స్త్రీల రక్షణ కోసం పెట్టినదే అయినా, మన పల్లెల్లో ఆ వయసుకు చాలామందికి పిల్లలు పుట్టి ఉంటారు కనుక, ఆ వీసాల మీద వెళ్లేవారిలో ఎక్కువమంది చిన్నపిల్లల తల్లులై ఉండటం సహజం.

మూడో దారి ఉద్యోగాలది. భార్యాభర్తలిద్దరూ అమెరికాలో ఉద్యోగాలు చేసే ఇళ్లకు పెద్దవాళ్లు సందర్శకుల వీసా మీద వెళితే సాధారణంగా ఒక విడతకు ఆరు నెలలకు మించి ఉండనివ్వరు కనుక, మొదట అమ్మమ్మ, తరువాత నాయనమ్మ వంతులవారీగా వెళ్లివచ్చి, వంతులు అయిపోయాక పసిబిడ్డనే విజయవాడకో కరీంనగర్‌కో పంపే కుటుంబాలు ఉన్నాయి. ఇక నాలుగో దారి తల్లిదండ్రుల మరణం, జబ్బు, విడాకులు. 2021లో కోవిడ్ రెండో విడతలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల్లో అనేకులను చేరదీసింది, కొడుకునో కూతురినో అప్పుడే పోగొట్టుకుని దుఃఖంలో ఉన్న ఈ పెద్దవాళ్లే.

ముద్దుచేసే చేయి, మందలించే చేయి

అవ్వాతాతల పాత్ర గురించి సమాజశాస్త్రంలో తొలి పరిశోధనల్లో ఒకటి 1964లో వెలువడింది. బెర్నీస్ న్యూగార్టెన్, కరోల్ వైన్‌స్టీన్ అనే అమెరికా పరిశోధకులు 70 జంటల అవ్వాతాతలను పరిశీలించి, వారు నడుచుకునే తీరును అయిదు రకాలుగా విభజించారు: తమ హద్దులో తాముండి పెద్దరికం పాటించేవారు, పిల్లలతో పిల్లలై ఆడేవారు, తల్లిదండ్రుల స్థానంలో నిలబడి పెంచేవారు, కుటుంబ జ్ఞానానికి భాండాగారంగా ఉండేవారు, పండగకో పబ్బానికో మాత్రమే కనిపించేవారు. ఈ విభజనలో ఇప్పటికీ పనికొచ్చే విషయమేమిటంటే, పెంచే బాధ్యత తీసుకోవడం మిగతా తీరులకు కొనసాగింపు కాదు, అది వేరే పాత్ర. నిన్నటి వరకు చాటుగా చాక్లెట్ ఇచ్చిన తాతయ్య ఇవాళ పళ్లు పుచ్చిపోతాయని దాన్ని వద్దనవలసి వస్తుంది, అమ్మ తిట్టినప్పుడు వెళ్లి దాక్కునే కొంగు ఇప్పుడు తిట్టవలసిన మనిషిదే అవుతుంది.

ఈ మార్పు వల్ల పెద్దవాళ్లలో కలిగే ఒక భావాన్ని ఎవరూ బయటికి చెప్పరు. చేసుకోవలసిన తీర్థయాత్ర, గుడి భజన, నలుగురితో రచ్చబండ దగ్గర గడిపే సాయంత్రం, ఒకరికొకరు తోడుగా ఉండే తీరిక చేజారిపోయాయన్న బాధ ఉన్నా, మనవణ్ణి బరువు అనుకోవడం పాపమన్న భయం వల్ల దాన్ని మింగేస్తారు. బాధ, ప్రేమ ఒకే మనసులో కలిసి ఉండటంలో తప్పేమీ లేదు. పైకి చెప్పుకోని అలసటే చివరకు చిరాకుగా మారి పిల్లల మీద విరుచుకుపడుతుంది కనుక, భార్యాభర్తలు దాన్ని తమలో తామైనా మాట్లాడుకోవడం ఆరోగ్యకరం.

నెమ్మదించిన పిల్లవాడు అలవాటు పడినట్టేనా?

ఇల్లు మారిన పసిపిల్లల మనసును అర్థం చేసుకోవడానికి బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రతిపాదించిన అనుబంధ సిద్ధాంతం బాగా ఉపకరిస్తుంది. శిశువు తనను నిలకడగా చూసుకునే ఒకరిద్దరితో గాఢమైన బంధం పెంచుకుంటుందనీ, ఆ మనిషి దగ్గర ఉన్నారన్న ధీమాతోనే లోకాన్ని తెలుసుకోవడానికి సాహసిస్తుందనీ ఈ సిద్ధాంతం సారాంశం. ఆయనా, ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ కలిసి, ఆసుపత్రుల్లోనూ శిశుసదనాల్లోనూ తల్లికి దూరమైన చిన్నపిల్లలను గమనించి మూడు దశలను గుర్తించారు. మొదటిది నిరసన, అంటే ఏడ్చి గోలచేసి గుమ్మం వైపు పరిగెత్తే దశ. రెండోది నిరాశ, అంటే ఏడుపు తగ్గి ఆటపాటల మీద ఆసక్తి పోయే దశ. మూడోది వైముఖ్యం, అంటే పైకి మామూలుగా ఉంటూ తల్లి వచ్చినా పట్టించుకోనట్టు ఉండే దశ.

ఈ మూడో దశనే చాలా ఇళ్లలో అపార్థం చేసుకుంటారు. "వారం ఏడ్చాడు, తర్వాత అలవాటు పడిపోయాడు" అని పెద్దవాళ్లు ఊరటపడతారు, నిజంగానే కొందరు పిల్లలు కుదురుకుంటారు కూడా. అయితే కుదురుకున్న పిల్లవాడు ఆకలి వేస్తే అడుగుతాడు, దెబ్బ తగిలితే అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తుకొస్తాడు, అలుగుతాడు, మారాం చేస్తాడు. ఏదీ అడగకుండా, దెబ్బ తగిలినా ఏడవకుండా, చెప్పింది చేస్తూ ఉండే పిల్లవాణ్ణి బుద్ధిమంతుడని మెచ్చుకునే ముందు అతని మనసును కనిపెట్టి చూడాలి. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, వచ్చిన మాటలు తగ్గిపోవడం, ఎవరో ఒకరి చీర కొంగు పట్టుకుని క్షణం కూడా వదలకపోవడం వంటివి దుఃఖానికి గుర్తులే తప్ప మొండితనం కావు.

ఫోను సంభాషణ ఇక్కడ సున్నితమైన విషయం. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, అక్కడ తల్లి ఇంటి పనంతా ముగించుకుని రాత్రి ఎనిమిదిన్నరకు వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదకొండవుతుంది. నిద్రలో ఉన్న పిల్లను లేపి ఫోను ముందు కూర్చోబెడతారు, ఆ పిల్ల కళ్లు నులుముకుంటూ అవ్వ ఒడిలోకి ముఖం తిప్పుకుంటుంది, అవతల తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది, ఇవతల అవ్వ "అమ్మను చూడవే" అని గదమాయిస్తుంది. ఆ మూడు నిమిషాల్లో ముగ్గురూ నొచ్చుకుంటారు, తప్పు ఒక్కరిది కూడా ఉండదు. వారంలో రెండుసార్లయినా సరే, పిల్లలు మెలకువగా ఉండే వేళను నిర్ణయించుకుని, ముద్దులిమ్మని బలవంతం చేయకుండా, ఆ రోజు గీసిన బొమ్మనో తిన్న అన్నాన్నో చూపించనిస్తే బంధం నిలబడుతుంది. తల్లి ఎప్పుడొస్తుందని అడిగినప్పుడు రేపు వస్తుందని మభ్యపెట్టడం కన్నా, సంక్రాంతి వెళ్లాక వస్తుందని పిల్లలకు అర్థమయ్యే గుర్తుతో నిజం చెప్పడమే వారి నమ్మకాన్ని కాపాడుతుంది.

ఇల్లు, ఒళ్లు

రెండేళ్ల పిల్లవాడు సుమారు 12 కిలోల బరువుంటాడు. నేల మీది నుంచి ఆ బరువును రోజుకు పలుమార్లు వంగి ఎత్తడం అరిగిన మోకాళ్లకూ నడుముకూ పెద్ద శ్రమ కనుక, మంచం మీదనో కుర్చీలోనో కూర్చుని పిల్లవాణ్ణే దగ్గరికి రప్పించుకోవడం, స్నానం పీట మీద కూర్చుని చేయించడం అలవాటు చేసుకోవాలి. వయసు మీరినవారికి నిద్ర తేలికవుతుంది, పెందలాడే మెలకువ వస్తుంది; రాత్రి పసివాడు లేపితే ఆ కొద్ది నిద్రా చెదిరి రక్తపోటు మీద ప్రభావం చూపుతుంది. చక్కెర వ్యాధి ఉన్న అమ్మమ్మలు మాత్ర వేసుకుని, పిల్లకు అన్నం తినిపించే గంటసేపూ తాము తినకుండా ఉండటం వల్ల కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ముందు తాము తిని తరువాత తినిపించడం స్వార్థం కాదు, పిల్ల భద్రతకు అది అవసరం.

ముప్పై ఏళ్లుగా చిన్నపిల్లలు లేని ఇల్లు ప్రమాదాలను మరిచిపోయి ఉంటుంది. మంచం పక్క కిటికీలో, దిండు కింద ఉండే మాత్రల స్ట్రిప్పులే వాటిలో అన్నిటికంటే పెద్దవి; చక్కెర వ్యాధికి వాడే గ్లిమెపిరైడ్ వంటి మాత్ర ఒక్కటి మింగినా పసిపిల్లల రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన ఫినాయిల్, కప్పు మూత సరిగా లేని నీళ్ల సంపు, బాత్‌రూంలో నిండుగా పట్టి ఉంచిన బకెట్, పొలానికి తెచ్చి వసారాలో పెట్టిన పురుగుమందు డబ్బా, రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీ కూడా అదే జాబితాలోకి వస్తాయి. తప్పటడుగులు వేసే పిల్లలు బకెట్లోకి తలకిందులుగా పడితే తమంత తాము లేవలేరు కనుక, జానెడు లోతు నీళ్లు కూడా వారికి ప్రాణాంతకమే. పిల్లలు రాకముందే ఒక పూట కేటాయించి, నేల మీద కూర్చుని వారి ఎత్తు నుంచి ఇల్లంతా పరికించి చూస్తే వీటిలో చాలావరకు కంటపడతాయి.

పెంపకంలో వచ్చిన మార్పులు

ఇప్పటి అవ్వాతాతలు తమ పిల్లలను పెంచిన 1980లకూ ఇప్పటికీ మధ్య శిశువైద్యం చాలా దూరం నడిచింది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ బాక్టీరియా అనే అయిదింటి నుంచి ఒకే సూదితో రక్షించే పెంటావాలెంట్ టీకా, విరేచనాలను అరికట్టే రోటావైరస్ చుక్కలు, నిమోనియాను నిరోధించే నిమోకోకల్ టీకా అప్పుడు మన ప్రభుత్వ కార్యక్రమంలో లేవు. తొమ్మిది నెలలు నిండాక, మళ్లీ పదహారు, ఇరవైనాలుగు నెలల మధ్య తట్టు, రుబెల్లా టీకా రెండు మోతాదులు పడాలి. ఊరు మారినప్పుడు తప్పిపోయేవి ఈ మోతాదులే కనుక, పిల్లలతోపాటు తల్లీబిడ్డల రక్షణ కార్డును తెచ్చుకుని స్థానిక ఏఎన్ఎంకు చూపించడం మొదటి పని కావాలి.

కొన్ని పాత పద్ధతులను వదులుకోవాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదు, ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించడం ప్రమాదకరం, ముక్కులో వేసిన నూనె చుక్కలు ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియాకు దారితీయవచ్చు. విరేచనాలప్పుడు పస్తు పెట్టడానికి బదులు ఓఆర్ఎస్ ద్రావణం తాగిస్తూ, వైద్యులు చెప్పిన మోతాదులో 14 రోజులు జింక్ ఇస్తూ, మామూలు ఆహారం కొనసాగించాలి. అదే సమయంలో అమ్మమ్మల దగ్గర ఉన్న సంపద చిన్నదేమీ కాదు: రాగి జావ, పెసరపప్పు అన్నంలో నెయ్యి, ఒంటికి నూనె రాసి చేయించే స్నానం, జోలపాట, పొడుపు కథ, కాళ్ల మీద ఊపుతూ చెప్పే మాటల వల్ల పిల్లలకు బలం, భాష, భద్రత కలిసి అందుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది పిల్లలకు తెర వినోదం అసలు తగదు, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటరాదు. అలసిపోయిన పెద్దవాళ్లకు పిల్ల చేతికి ఫోను ఇవ్వడం తేలిక ఉపాయమే గాని, ఆ గంటల్లో పిల్ల పోగొట్టుకునేది సరిగ్గా అవ్వ మాత్రమే ఇవ్వగలిగిన ముచ్చట.

ఎవరి మాట చెల్లాలి?

మూడు తరాల మధ్య తగవు ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే మొదలవుతుంది: బిస్కెట్లు, టీవీ, ట్యూషను, నిద్రపోయే వేళ, దెబ్బ వేయవచ్చా అన్నది. అమెరికా సమాజశాస్త్రజ్ఞులు ఆండ్రూ చెర్లిన్, ఫ్రాంక్ ఫర్‌స్టెన్‌బర్గ్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లల పెంపకంలో తలదూర్చకుండా ఉండటమే అక్కడి అవ్వాతాతలు పాటించే ప్రధాన నియమమని వివరించారు. మనవలు తమ ఇంట్లోనే పెరుగుతున్నప్పుడు ఆ నియమం పొసగదు, ఎందుకంటే పగలంతా నిర్ణయాలు తీసుకోవలసింది దగ్గర ఉన్నవారే. దూరాన ఉన్న తల్లిదండ్రులు ఫోనులో ప్రతి నిర్ణయాన్నీ తిరగరాస్తూ పోతే పిల్లలు ఇద్దరి మధ్య సందును ఇట్టే పసిగడతారు, తాత మాటకు విలువ పోతుంది. బడి, వైద్యం, డబ్బు వంటి పెద్ద విషయాల్లో తల్లిదండ్రుల మాట, రోజువారీ విషయాల్లో ఇంటి పెద్దల మాట చెల్లుబాటయ్యేట్టు ముందే ఒప్పందానికి రావడం, పిల్లల ఎదుట ఒకరినొకరు తప్పుపట్టకపోవడం ఈ చిక్కును చాలావరకు విప్పుతాయి. కొడుకునో కోడలినో పిల్లల ముందు నిందించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు. తనను కన్నవారు చెడ్డవారని విన్న పిల్లలు అది తమకూ అంటిన మచ్చగానే భావిస్తారు.

కాగితాలు, డబ్బు

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం మైనరు పిల్లలకు సహజ సంరక్షకులు తండ్రి, ఆయన తరువాత తల్లి. పెంచుతున్నంత మాత్రాన అవ్వాతాతలు చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. తల్లిదండ్రులు లేనప్పుడో, పెంచలేని స్థితిలో ఉన్నప్పుడో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద న్యాయస్థానాన్ని ఆశ్రయించి ఆ హోదా పొందాలి. ఈ తేడా ఎంత దూరం పోతుందో సుకన్య సమృద్ధి ఖాతాల విషయంలో బయటపడింది: చట్టబద్ధ సంరక్షకులు కాని అవ్వాతాతలు తెరిచిన ఖాతాలను తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల పేరుకు మార్చాలన్న నిబంధన 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. వలస వెళ్లే తల్లిదండ్రులు బడికీ, వైద్యానికీ సంబంధించి పెద్దవాళ్లకు అధికారమిస్తూ నోటరీ చేయించిన పత్రం ఇచ్చి వెళితే రోజువారీ పనులు సులువవుతాయి, అది పూర్తి సంరక్షకత్వానికి సమానం కాకపోయినా.

వయసు ఒక్కటే పెద్దవాళ్ల అర్హతను తీసివేయదని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న అహ్మదాబాద్ బాలుణ్ణి, వయసులో చిన్నదీ ప్రభుత్వోద్యోగీ అయిన పిన్నికి అప్పగించిన గుజరాత్ హైకోర్టు తీర్పును మార్చి, 71 ఏళ్ల తాతకూ 63 ఏళ్ల నాయనమ్మకూ అప్పగించింది. బడి విషయంలో 2009 విద్యాహక్కు చట్టం అండగా ఉంది: వయసు ధ్రువపత్రం లేదనో, టీసీ రావడం ఆలస్యమైందనో ప్రవేశం నిరాకరించకూడదు, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. పిల్లల ఆధార్‌లో అయిదేళ్లకూ పదిహేనేళ్లకూ వేలిముద్రలు నవీకరించడం మరిచిపోరాదు.

డబ్బు విషయానికి వస్తే, వలస వెళ్లినవారి తొలి నెలల సంపాదన చాలాసార్లు ఏజెంటు అప్పుకో మేస్త్రీ అడ్వాన్సుకో జమ అవుతుంది కనుక, ఆ కాలమంతా ఇల్లు గడిచేది వృద్ధాప్య పింఛనుతోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు రూ.4,000 అందుతున్న ఈ పింఛను పెద్దవాళ్ల మందులకు ఉద్దేశించినది గాని మనవల ఫీజుకు కాదు. తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల ఇంట పెరుగుతున్న పిల్లలకూ, తల్లి వితంతువో భర్త విడిచిపెట్టినదో అయిన పిల్లలకూ కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు రూ.4,000 సహాయం ఉంది; కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో రూ.72,000, ఇతర ప్రాంతాల్లో రూ.96,000 మించకూడదు, దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఏ సమస్య వచ్చినా పిల్లల కోసం 1098, వృద్ధుల కోసం 14567 నంబర్లకు ఫోను చేయవచ్చు.

అడగవలసిన ప్రశ్న

పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలన్న నిర్ణయం చాలా కుటుంబాల్లో ఒక్క మాటతో అయిపోతుంది: "అమ్మ ఉందిగా." ఆ అమ్మ వయసెంత, మందులేవి, పగలు రెండు గంటలు పడుకోవడానికి ఆమె చేతిలోంచి పిల్లను ఎవరు అందుకుంటారు, ఆమెకు జబ్బు చేస్తే ఎవరు వస్తారు అన్న ప్రశ్నలు ఎవరూ అడగరు. నెలనెలా పంపే డబ్బులో పిల్లల ఖర్చును విడిగా లెక్కకట్టడం, వారంలో ఒక పూటైనా తోబుట్టువులో బంధువులో వచ్చి పెద్దవాళ్లకు విశ్రాంతినివ్వడం, మూడేళ్లు దాటిన పిల్లల్ని అంగన్‌వాడీకి పంపి పగటి గంటలను తేలిక చేయడం, పెద్దవాళ్ల వైద్య పరీక్షలను పిల్లల టీకాలంత క్రమంగా చేయించడం, ఇవేవీ అసాధ్యమైన పనులు కావు.

వలస వెళ్లినవారు పంపిన డబ్బును ప్రభుత్వాలు లెక్కిస్తాయి, ఆ డబ్బుతో లేచిన ఇళ్లను ఊళ్లు గర్వంగా చూపించుకుంటాయి. ఆ సంపాదన సాధ్యమైంది ఇక్కడ ఒక వృద్ధ స్త్రీ రెండోసారి తల్లి అయినందుకని గుర్తించిన రోజున, ఆమె చేస్తున్నది సహాయం అనిపించుకోదు, పని అనిపించుకుంటుంది. పనికి వేళలుంటాయి, సెలవు ఉంటుంది, అందులో పాలు పంచుకునే మనుషులుంటారు. అవ్వాతాతలకు ఆ మూడూ సమకూర్చిన కుటుంబంలోనే మనవలకు నిలకడైన ఇల్లు దొరుకుతుంది.